ఆరోవానాకు బతికున్న చేపలు మాన్పించి పెల్లెట్లు అలవాటు చేయాలా?

గోదారిగట్టు: మా సిల్వర్ ఆరోవానా (అమెజాన్ వేట చేప) అడుగు పొడవు దాటింది. తెచ్చినప్పటి నుంచి బతికున్న గోల్డ్‌ఫిష్, గప్పీలే వేస్తున్నాం. పెల్లెట్ (పొడి మేత గుళిక) వేస్తే నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది. సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారని టెన్షన్. మార్చాలా? మారిస్తే ఎలా అన్నా?

చెరువుగట్టు: మార్చాల్సిందే తమ్ముడూ. గోల్డ్‌ఫిష్ కార్ప్ కుటుంబం చేప. దాని ఒంట్లో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. రోజూ అదే పెడితే కొన్నాళ్లకు నరాలు దెబ్బతింటాయి, చేప నిలకడగా ఈదలేదు. ఫ్రీజర్‌లో పెట్టినా ఆ ఎంజైమ్ పోదు.

నీ చేప సైజుకి నాలుగైదు రోజులు మేత ఆపినా ఏమీ కాదు. తర్వాత పచ్చి రొయ్య పొట్టు తీసి, పొడవాటి పట్టకారుతో పట్టుకుని నీళ్ల పైభాగంలోనే కదిలించు. ఆరోవానా నోరు పైకి ఉంటుంది, అడుగున పడింది వెతుక్కోదు. రొయ్య తినడం మొదలుపెట్టాక నానబెట్టిన పెల్లెట్లు ఆ ముక్కలో దూర్చి పెట్టు. మెల్లగా రొయ్య తగ్గించు. తినకుండా వదిలిన ముక్క వెంటనే తీసెయ్, లేకపోతే అది కుళ్లి నీళ్లలో అమ్మోనియా విషం పెరుగుతుంది.

బెజవాడ_బుజ్జి: మా ఆస్కార్ చేప వచ్చిన వారంలోనే పెల్లెట్లు తినేసింది.

నల్లమల_నీళ్లు: ఆస్కార్ ఏదైనా తింటుంది, దాంతో పోలిక వద్దు. అసలు పస్తులు పెట్టమని ఇంత తేలిగ్గా ఎలా చెబుతారండీ? నాకు ఒక షాపతను ఇదే సలహా ఇచ్చాడు. ఆకలేస్తే అదే తింటుందన్నాడు. బెత్తెడు పిల్ల, చిక్కిపోయి చచ్చిపోయింది. ఏళ్ల తరబడి బతకగల చేప. ఆ బాధ మీకు తెలీదు.

చెరువుగట్టు: పిల్ల చేపలకు పస్తు పెట్టమని నేనెక్కడ అన్నాను? అడుగు దాటిన చేప అని ఆయనే రాశారు. నా బాధ కూడా వినండి. షాపులో ఫీడర్లుగా, అంటే మేతకని, అమ్మే గోల్డ్‌ఫిష్ తెచ్చి వేస్తే వాటితో యాంకర్ వార్మ్ వచ్చింది. పొలుసుల మధ్య దారాల్లా వేలాడే ఆ పురుగుల్ని ట్యాంకులోంచి వదిలించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నల్లమల_నీళ్లు: నేను షాపు చేపలు వేయను. ఇంట్లోనే గప్పీలు పెంచుతాను. గప్పీలు కార్ప్ కుటుంబం కాదు. అంటే మీ లెక్క ప్రకారమే నాది తప్పు కాదు.

కొత్తచేప: నాలుగు రోజులా, ఐదా? ఒకటి ఖాయంగా చెప్పండి.

చెరువుగట్టు: చేప ఒళ్లు చూసి ఆపాలి, క్యాలెండర్ చూసి కాదు. పొట్ట లోపలికి పోయిందంటే ఇంక ఆపకూడదు. నల్లమల గారూ, కొర్రమీను రైతులు పిల్లల దశలోనే తేలే మేతకు అలవాటు చేస్తున్నారు. కొర్రమీను కంటే వేటాడే చేప ఉందా?

నల్లమల_నీళ్లు: వాళ్లు బరువు పెంచి అమ్మడానికి పెంచుతారు. నేను అమ్మడానికి పెంచడం లేదు.

చెరువుగట్టు: మరి దేనికి? చుట్టాలొచ్చినప్పుడల్లా గప్పీలు వేసి ఆ వీడియోలు ఇక్కడ పెట్టేది మీరే కదా. చేప ఆరోగ్యం కోసమా, చూసేవాళ్ల కోసమా?

నల్లమల_నీళ్లు: అవును, చూపిస్తాను. అమెజాన్‌లో నీళ్లలోంచి ఎగిరి కొమ్మ మీది పురుగును అందుకునే చేప ఇది. ఆ వేట చూడాలనే కొన్నాను. పెల్లెట్ల డబ్బా చప్పుడుకు మూలకొచ్చి నిలబడే చేప నాకొద్దు.

చెరువుగట్టు: నాలుగడుగుల గాజు పెట్టెలో గప్పీ ఎక్కడికి పారిపోతుంది? దాన్ని వేట అనకండి. మనమే చంపిస్తున్నాం.

నల్లమల_నీళ్లు: అదే పెట్టెలో మూడడుగులు పెరగగల చేపను ఉంచి పెల్లెట్లు వేస్తే అది దయా? గప్పీ మీద ఉన్న జాలి ఆరోవానా మీద ఎందుకు లేదు మీకు? మీ ట్యాంకు వెడల్పెంతో చెప్పండి ముందు.

సీతమ్మధార_లత: ఇద్దరూ కాస్త ఆగండి. బతికున్న మేత అంటే చేపలే కానక్కర్లేదు. శుభ్రంగా పెంచిన కీచురాళ్లు వేయండి, దూకి పట్టుకుంటుంది. రోజూ మాత్రం పెల్లెట్లు. ఇంట్లో మందు కొట్టిన చోట పట్టిన బొద్దింకల్ని మాత్రం వేయకండి. చెరువుగట్టు గారూ, ప్రతి చేపా మారదు. కేరళ నదుల పీ పఫర్ అనే బుల్లి చేపకు పొడి మేత అలవాటు చేయాలని చూసి ఎంతమంది విసిగిపోయారో.

చెరువుగట్టు: పఫర్ సంగతి ఒప్పుకుంటా. నా ట్యాంకు రెండున్నర అడుగుల వెడల్పు. చాలదని తెలుసు, పెద్దది కట్టిస్తున్నాను. అయినా గప్పీల విషయంలో నా మాట మారదు.

నల్లమల_నీళ్లు: నాదీ మారదు. ట్యాంకు విషయంలో మాత్రం మీరు చేస్తున్నది మంచి పని.

గోదారిగట్టు: గోల్డ్‌ఫిష్ ఆపేశాం. నిన్న పట్టకారు నుంచి రొయ్య లాక్కుంది, పెల్లెట్ దూర్చిన ముక్క మాత్రం ఉమ్మేసింది. మా ట్యాంకు వెడల్పు అడుగున్నరే. ఇందులో ఎన్నాళ్లు ఉంచొచ్చు?

చెరువుగట్టు: పెల్లెట్ ఇంకా చిన్న ముక్క చేసి దూర్చు. వెడల్పు మాత్రం చాలదు తమ్ముడూ, ఇప్పటికే వెనక్కి తిరగడానికి ఒళ్లు వంచుతూ ఉంటుంది. సంక్రాంతి ఖర్చుకంటే ముందు ట్యాంకు సంగతి చూడు.

నల్లమల_నీళ్లు: పైన బరువైన మూత కూడా పెట్టించు. దూకితే పొద్దున్నే నేల మీద దొరుకుతుంది.