పాత వైఫై రౌటర్ వల్ల ఇంట్లో నెట్ స్లో అవుతుందా?

కొత్తసభ్యుడు27: రౌటర్ కొని 8 ఏళ్లయింది. ఈ మధ్యే ప్లాన్ 200 ఎంబీపీఎస్‌కి మార్చుకున్నాం. రౌటర్ పక్కనే నిలబడినా ఫోన్‌లో 40 దాటదు, బెడ్‌రూమ్‌లో అయితే 12. పాతబడితే రౌటర్ స్లో అవుతుందా? మార్చేయమంటారా?

నిద్రలేని_పిల్లి: మార్చేయండి.

మొండిఘటం: అస్సలు మార్చకండి. అరిగిపోవడానికి రౌటర్ ఏమైనా చెప్పులా? కొన్న రోజు ఎంత ఇచ్చిందో ఇవాళా అంతే ఇస్తుంది. నెట్ బాగాలేదని కంప్లయింట్ ఇస్తే చాలు, టెక్నీషియన్ గుమ్మంలోంచే ‘పాతదైపోయింది సార్’ అంటాడు. పోయినేడు నా చేత అలాగే కొత్తది కొనిపించాడు. కొనకముందు 94, కొన్నాక 94. పాతది నిక్షేపంలా అటక మీద ఉంది.

తీగలమాస్టారు: అరుగుదల సంగతి సగం ఒప్పుకుంటాను. ఏళ్ల తరబడి వేడికి అడాప్టర్‌లో కెపాసిటర్లు ఎండిపోతే రౌటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. అది వేరే జబ్బు. అసలు తేడా తరానిది. ఎన్ అనే పాత వైఫై తరం రౌటర్లు చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే ఉండేది. ఇరుగుపొరుగు వైఫైలన్నీ అందులోనే తోసుకుంటాయి. ఒకదానికొకటి అడ్డం పడకుండా వాడుకునే చానెళ్లు 1, 6, 11, అంతే. డబ్బా మీద 300 అని రాసినా అది రేడియో లింకు లెక్క, చేతికి సగం వస్తే గొప్ప. 2013లో వచ్చిన ఏసీ అనే తర్వాతి వైఫై తరం నుంచీ 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మామూలైంది. ఇంకోటి, వెనక వైరు పెట్టే పోర్టు 100 ఎంబీపీఎస్‌ది అయితే ఎంత ప్లాన్ తీసుకున్నా 95 దాటదు.

మొండిఘటం: అరగదని ఒప్పుకున్నారుగా.

తీగలమాస్టారు: సగం అన్నాను.

మొండిఘటం: రీస్టార్ట్ వేరు, స్లో వేరు. అడిగింది స్లో గురించి.

పెద్దకోడలు: మా మామగారు రౌటర్‌ని ఇనప బీరువా వెనక పెట్టి, దుమ్ము పడుతుందని పైన గుడ్డ కప్పారు. తీస్తే ఆయనకు కోపం. కొత్తది కొన్నా వెళ్లేది అక్కడికే.

నిద్రలేని_పిల్లి: గుడ్డ తీసేయండి.

తీగలమాస్టారు: మొండిఘటం గారూ, రెండు రౌటర్లకీ 94 వచ్చిందంటే అనుమానం వైరు మీద. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, వైరు లోపలి 8 తీగలూ కావాలి. ఒక్కటి తెగినా లింకు 100కి పడిపోవచ్చు. మీ ప్లాన్ ఎంత?

మొండిఘటం: 150. నా వైరు గొడవ మిమ్మల్ని ఎవరడిగారు?

తీగలమాస్టారు: ఏడాదిగా మూడో వంతు గాలికి పోతోందని చెబితే కోపమా? ‘పాతదే బంగారం’ అని మీరంటే, నమ్మి జనం అప్‌డేట్లు ఆగిపోయిన రౌటర్లు వాడుతూ కూర్చుంటారు. వాటిలో బయటపడిన భద్రతా లోపాలు ఇక ఎప్పటికీ పూడవు. స్లో కంటే అది ప్రమాదం.

మొండిఘటం: అక్కడే నాకు కడుపు మండేది! అప్‌డేట్లు ఆపింది కంపెనీ, డబ్బులు పెట్టాల్సింది నేను. లైట్లు వెలుగుతున్నాయి, సిగ్నల్ వస్తోంది, అయినా చెత్తబుట్టలో వేయాలి. పైగా ‘స్లో’ అని దానికో నింద. కంపెనీ వదిలేసిందని చెప్పండి, ఊరుకుంటాను.

తీగలమాస్టారు: ఆ మాట మొదటే అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. కంపెనీ వదిలేసినా కొన్ని మోడళ్లకు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు. రౌటర్ లోపలి ఫ్లాష్ మెమరీ 4 ఎంబీనే ఉంటే మాత్రం దాని కొత్త వెర్షన్లు రావు.

కొత్తసభ్యుడు27: నాదీ చూశాను. వైరుతో ల్యాప్‌టాప్‌లో 94. పోర్టుల పక్కన 10/100 అని ఉంది, సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ ఊసే లేదు. మారుస్తున్నాను.

మొండిఘటం: మీది మార్చుకోండి, న్యాయమే. నేనూ వైరు విప్పి చూశాను. గోధుమరంగు తీగ ఒకటి పిన్ను దాకా రానేలేదు. కొత్త క్లిప్పు వేయిస్తే 146 వచ్చింది. అటక మీది పాతదాన్ని దించి పెట్టాను. దానికీ 146. విన్నారా మాస్టారూ?

తీగలమాస్టారు: వైఫైలోనా, వైరులోనా?

మొండిఘటం: వైరులో.