కొత్త ప్రాంతంలో గ్లైడింగ్ పోటీ: ముందే వెళ్లి ఎగరడం తప్పనిసరా?

ప్రశ్న: నేనెప్పుడూ ఎగరని ప్రాంతంలో గ్లైడర్ల (ఇంజిన్ లేకుండా ఎగిరే విమానాల) పోటీ ఉంది. వారం ముందే వెళ్లి ప్రాక్టీస్ చేయమని క్లబ్‌లో సీనియర్లు అంటున్నారు. పాత పోటీల ఐజీసీ ఫైళ్లు (ఎవరు ఏ దారిలో, ఎంత ఎత్తులో ఎగిరారో చెప్పే జీపీఎస్ రికార్డులు) చూసుకుని, కంప్యూటర్‌లో కాండోర్ గ్లైడింగ్ సిమ్యులేటర్‌లో అవే టాస్కులు (పోటీలో ఇచ్చిన రూట్లు) ఎగిరితే సరిపోదా?

ఒక సభ్యుడు: సరిపోతుందండీ. ఎండ పడే కొండవాలు, దున్నిన పొడినేల, క్వారీ... థర్మల్ (గ్లైడర్‌ను పైకి లేపే వేడిగాలి) పుట్టే చోట్లు ఎక్కడైనా ఇవే. పైగా వారమంతా ఎండలో కాక్‌పిట్‌లో కూర్చుంటే అసలు పోటీ నాటికి ఓపిక ఉండదు.

మరో సభ్యుడు: అలసట గురించి మీరన్నది నిజం. మిగతాది ఒప్పుకోలేను. ఐజీసీ ఫైల్ చూస్తే ఎవరు ఎక్కడ క్లైంబ్ పట్టుకున్నారో తెలుస్తుంది. ఎత్తు చాలక దిగాల్సి వస్తే, ఈ వారం ఏ పొలంలో దిగొచ్చో తెలియదు కదా! 40:1 గ్లైడర్‌కి 1000 మీటర్ల ఎత్తుంటే కదలిక లేని గాలిలో 40 కిలోమీటర్లు వస్తుంది. ఎదురుగాలి, సింక్ (కిందికి దిగే గాలి) రెండూ తగిలాయంటే అందులో సగం కూడా రాకపోవచ్చు. అప్పుడు కింద ఏముందన్నదే లెక్క. పైనుంచి పచ్చగా, చదునుగా కనిపించిన చేను దగ్గరికి వెళ్లి చూస్తే నడుమెత్తు పైరు ఉంటుంది. అందులో ఒక రెక్క చిక్కుకుంటే చాలు, గ్లైడర్ గిర్రున తిరిగి తోక విరుగుతుంది. నేల వాలు పైనుంచి తెలియదు. కరెంటు తీగలు అసలే కనబడవు, స్తంభాల వరుస చూసి పోల్చుకోవాలి.

తీరం దగ్గరైతే ఇంకో చిక్కు. సముద్రపు గాలి లోపలికి వచ్చాక దాని వెనక థర్మల్స్ చచ్చిపోతాయి. అది ఏ వేళకు ఎంతవరకు వస్తుందో అక్కడే ఎగిరే పైలట్లను అడగండి. ఈ ఒక్క విషయం తెలియక చివరి లెగ్‌లో (రూట్ ఆఖరి భాగంలో) కిందికి దిగిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

కాబట్టి ప్రాక్టీస్‌లో స్పీడ్ జోలికి పోకండి. నేలను చదవడానికే ఎగరండి.

ప్రశ్న అడిగినవారు: నాకు రెండు రోజులే సెలవు దొరుకుతుందండీ.

మరో సభ్యుడు: అయితే మొదటి రోజు ఎగిరి, దిగడానికి పనికొస్తాయనిపించిన పొలాలు మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. రెండో రోజు గ్లైడర్ జోలికి వెళ్లకుండా, పొలంలో దిగిన గ్లైడర్‌ను ట్రైలర్‌పై తెచ్చే మీ క్రూతో కార్లో ఆ పొలాల గట్లదాకా వెళ్లి చూడండి. ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది, ట్రైలర్ ఏ దారిలో వెళ్లగలదో క్రూకీ తెలుస్తుంది.