సమస్య: అడవి నరుకువాఁడె యడవిఁ గాచు

ఛందస్సు ఆటవెలది. అడవులనూ మృగాలనూ కాపాడేవారి నిజమైన పని పద్యంలో కనిపించాలి. చివర ప్రశ్నార్థకం తగిలించి తప్పించుకునే పూరణలు వద్దు.

ఉప్పల్ నుంచి:
వన్యమృగములుండు స్థలమున పొదలెల్ల
గుంపుగాను చేరి కొట్టివేసి
నేల చదును చేసి నీరు నిలుపుచుండి
అడవి నరుకువాఁడె యడవిఁ గాచు

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి తప్పింది. ‘వనమునఁ బొదలెల్ల’ అంటే వ–వ కుదురుతుంది. అయితే యతి కన్నా ‘ఎల్ల’ పెద్ద దోషం. రేగు, పరికి, బలుసు, కలివి పొదలు కొట్టేస్తే ఎలుగుబంటికి పండు ఉండదు, దుప్పిపిల్లకు దాపు ఉండదు. పులి మాటు వేసేదీ ఆ పొదల్లోనే. చదును చేసిన నేల మీద ముందుగా మొలిచేది పరాయి కలుపే. భావం మార్చి మళ్ళీ రాయండి.

మల్కాజ్‌గిరి నుంచి:
మట్టిలోన వేరు మాత్రమే ఖండించి
తలను నేల కాన్చి తడిని మాన్పి
జింక మేయు గడ్డి చిగురించునట్లుగా
అడవి నరుకువాఁడె యడవిఁ గాచు

నిర్వాహకుడు: చక్కటి పూరణ! లంటానా అనే పరాయి కలుపు కంప తీసే పద్ధతి ఇదే. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ పులుల అడవిలో ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్య సి. ఆర్. బాబు అమలుచేసి చూపింది. కాండం, వేరు కలిసేచోట మొగ్గలుంటాయి కనుక నేలపైన నరికితే రెట్టింపు పిలకలు వస్తాయి. మట్టికి 3–5 సెంటీమీటర్ల కింద తల్లివేరు కోయాలి. కంపను తలకిందులుగా పెడితే కొమ్మలు మళ్ళీ వేళ్ళూనవు. జేసీబీతో పెకలిస్తే నేల కదిలి, అడుగున ఉన్న గింజలన్నీ మొలుస్తాయి. కాయ పట్టకముందే పని కావాలి. వానలు పడ్డాక పిట్టలు వాలే చెట్ల కింద వెతికి మొలకలు పీకాలి, ఆ ఖాళీలో స్థానిక గడ్డి విత్తాలి. ఒక్క లోటు: ఏ మొక్క వేరో పద్యం చెప్పలేదు. రెండో పాదం ‘కంపఁ దిరగవేసి కాడ యెండ’ అంటే?

మల్కాజ్‌గిరి నుంచి: అలాగే మార్చుకుంటానండీ. నమస్సులు.

నల్లకుంట నుంచి:
నిప్పు రాకముందె నేల గీఁతగఁ గోసి
మంచు నుండఁ దానె మంటఁ బెట్టి
రాలు టేకుటాకు రహి నూడ్చి మరలను
అడవి నరుకువాఁడె యడవిఁ గాచు

ఉప్పల్ నుంచి: అడవికి తానే నిప్పు పెట్టడమా? అన్వయం కుదరలేదేమో!

నిర్వాహకుడు: కుదిరిందండీ. మన్ననూరు దాటాక ఆమ్రాబాద్ అడవిలో వేసవి నిప్పుకు అడ్డుగా ఇలాంటి గీతలే కావాలి. గీతలోని గడ్డి, పొదలు కోసి, రెండు అంచులూ చెక్కి, గాలి లేని తెల్లవారుజామున మంచు తడి ఉండగా ఆ గీతవరకే కాలుస్తారు. ఎండెక్కి గాలి లేచాక అంటిస్తే మంట గీత దాటుతుంది. జనవరిలో కోసిన గీత మార్చికల్లా టేకాకుతో కప్పుకుపోతుంది. ఊడ్వకపోతే ఆ ఆకుల మీదుగానే నిప్పు అవతలికి పాకుతుంది. మూడో పాదం అందుకే నాకు నచ్చింది. ‘రహి’ మాత్రం యతి కోసం తెచ్చిన వ్యర్థపదం. ‘రాశిని మరలూడ్చి’ అనండి, గణాలూ సరిపోతాయి.

నల్లకుంట నుంచి: ‘రాలు టేకుటాకు రాశిని మరలూడ్చి’. సవరించాను, ధన్యవాదాలు.