సా రెజొనేటర్ (క్రిస్టల్ పైపొర మీద నడిచే అలలతో ఒక ఫ్రీక్వెన్సీకి మోగే చిప్) మీద బరువు తీసేసినా ఫ్రీక్వెన్సీ వెనక్కి రావట్లేదు, ఎందుకు?

ఎంటెక్ ప్రాజెక్టు. స్టీల్ పట్టీ ఒక కొస బిగించి, పైన 433 మెగాహెర్ట్జ్ లిథియం నియోబేట్ రెజొనేటర్ అంటించాను, వై-జడ్ కట్ (క్రిస్టల్‌ని కోసిన దిశ, అల వెళ్లే దిశ). రెండో కొసకి బరువు వేలాడదీస్తే ఫ్రీక్వెన్సీ తగ్గుతోంది, బానే ఉంది, కానీ బరువు తీశాక పాత విలువకి రాకుండా ఎక్కడో ఆగిపోతోంది. క్రిస్టల్ పాడైందా?

జవాబు: ముందు ఫ్యాన్ ఆపి చూడు బాబూ! వై-జడ్ కట్‌కి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే ఫ్రీక్వెన్సీలో సుమారు 94 పీపీఎం (పది లక్షల్లో 94 వంతుల) మార్పు, అంటే 433 దగ్గర 40 కిలోహెర్ట్జ్. నీ పట్టీ 100 మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో 100 వంతులు) సాగితే వచ్చేదీ దాదాపు అంతే, కాబట్టి నువ్వు కొలుస్తున్నది గది వేడినేమో. ఎస్‌టీ కట్ క్వార్ట్జ్‌కి మారితే గది ఉష్ణోగ్రత దగ్గర ఈ గోల చాలా తగ్గుతుంది.

అడిగినవారు: ఫ్యాన్ ఆపాను, సగం తేడా పోయింది. మరి సాగితే చిప్ మీది లోహపు గీతల (వేళ్ల) మధ్య దూరం పెరగడమేగా, లెక్క సింపులే కదా?

ఇంకో జవాబు: అంత సింపుల్ కాదండీ. ఒత్తిడితో సాంద్రతా, సాగే గుణకాలూ మారతాయి, దాంతో అలల వేగమే మారుతుంది. అందుకే థర్డ్ ఆర్డర్ స్థిరాంకాలు (సాగే గుణకాలు ఎంత మారతాయో చెప్పేవి) కూడా లెక్కలోకి తీసుకోవాలి, పైగా అల వెళ్లే దిశకి ఒత్తిడి నిలువా అడ్డమా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. మిగిలిన సగం తేడాకి నా అనుమానం జిగురు మీదే. మెత్తటి జిగురు మందంగా పూస్తే బరువు కింద మెల్లగా జారుతుంది. గట్టి ఎపాక్సీ పల్చగా పూసి, పూర్తిగా గట్టిపడ్డాకే బరువు వేయండి.