బోరు నీళ్లు తుప్పు రుచి వస్తున్నాయి: ఆర్వో పెట్టాలా, ఐరన్ ఫిల్టరా?

కోనసీమ_ఇల్లు:
అమలాపురం దగ్గర సొంతిల్లు. బోరు 80 అడుగులు, 4 అంగుళాల పీవీసీ కేసింగ్, పైన 1 హెచ్‌పీ మోటారు, మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు. పట్టినప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి, నోట్లో పోసుకుంటే మాత్రం ఇనప మేకు చప్పరించినట్టుంది. రాత్రి బకెట్లో ఉంచితే తెల్లారేసరికి పసుపెక్కి అడుగున చిలుము దిగుతోంది. టీ నల్లబడుతోంది. టీడీఎస్ మీటరు 620 చూపిస్తోంది. ఆర్వో పెడితే అన్నీ పోతాయని ఒకాయన అంటున్నాడు. నిజమేనాండీ?

నీటిపరీక్ష:
ముందు ఆ మీటరు పక్కన పెట్టండి. అది నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి మొత్తం లవణాల అంచనా చెబుతుంది. అందులో 3 పీపీఎం (లీటరుకి 3 మిల్లీగ్రాముల) ఇనుము ఉన్నా లేకపోయినా అంకె పెద్దగా మారదు.

మీరు చెప్పిన గుర్తులు భూమిలోంచే వచ్చే కరిగిన ఇనుమువి. గాలి తగిలాకే అది తుప్పుగా మారుతుంది, అందుకే బకెట్లో ఆలస్యంగా రంగు వస్తోంది. టీలోని టానిన్‌తో కలిస్తే నల్లబడుతుంది. జామాకు నలిపి గ్లాసులో వేసినా అంతే, కాసేపటికి నీళ్లు ఊదా రంగుకో నలుపుకో తిరుగుతాయి. పొద్దున్నే మొదటి చెంబు నీళ్లే చేదెక్కి, తర్వాత బాగుంటే మాత్రం అనుమానించాల్సింది పైపుల్ని. పాత జీఐ పైపు నుంచి జింకు దిగితే నీళ్లు వగరుగా ఉంటాయి, కాచినప్పుడు పైన నూనెలాంటి తెట్టు కడుతుంది. సింకులో ఆకుపచ్చ మరకలు పడితే రాగి.

ల్యాబుకి ఇచ్చేటప్పుడు చాలామంది తప్పు చేసేది ఇక్కడే: మామూలు సీసాలో పట్టి మర్నాడు ఇస్తారు. ఈలోగా ఇనుము గోడలకి, అడుక్కి చేరిపోతుంది, రిపోర్టులో తక్కువ వస్తుంది. ల్యాబు వాళ్లనే నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసిన సీసా అడగండి. మోటారు 10 నిమిషాలు నడిపాక, ట్యాంకు నుంచి కాకుండా బోరు దగ్గరే పట్టండి. ఇనుము, మాంగనీసు, పీహెచ్, ఫ్లోరైడ్, నైట్రేట్ అడగండి. బాక్టీరియాకి, పీహెచ్‌కి, ఫ్లోరైడ్‌కి, నైట్రేట్‌కి యాసిడ్ లేని సీసాలు వేరుగా ఉండాలి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లో ఇనుము పరిమితి 2012 కూర్పులో 0.3 పీపీఎం ఉండేది, 2015 సవరణతో 1.0 చేశారు. మరకలు, రుచి మాత్రం 0.3 నుంచే మొదలవుతాయి.

పైపులపని:
ఆర్వో విషయం. 620 టీడీఎస్‌కి ఆర్వో అవసరమే లేదు. పైగా ఇనుము నేరుగా దానిలోకి వెళితే మెంబ్రేన్ (లోపలి సన్నని వడపోత పొర) మీద పేరుకుని కొన్ని నెలల్లోనే నీళ్లు రావడం తగ్గిపోతుంది. అప్పుడు మార్చమంటారు, అదొక వ్యాపారం.

మీకు కావాల్సింది ఐరన్ ఫిల్టరు: ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) సిలిండరు, అందులో మాంగనీస్ డయాక్సైడ్ మీడియా (ఇనుముని పట్టుకునే గుళికలు), పైన నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వు. ఇది ట్యాంకు కింద పెడితే పనిచేయదు. బ్యాక్‌వాష్ అంటే నీళ్లు కిందినుంచి పైకి తిప్పి మీడియాని కడగడం. మేడ ఎత్తు నుంచి వచ్చే ఒత్తిడికి బ్యాక్‌వాష్‌లో మీడియా లేవదు, అడుగున గట్టిపడి దారులు పడతాయి, నీళ్లు ఆ దారుల్లోంచే జారిపోతాయి. మోటారుకీ ట్యాంకుకీ మధ్య పెట్టండి. 13 అంగుళాల సిలిండరుకి బ్యాక్‌వాష్‌లో నిమిషానికి కనీసం 40 లీటర్లు కావాలి. 20 లీటర్ల బకెట్ 30 సెకన్లలో నిండకపోతే మీ మోటారు చాలదు, సిలిండరు చిన్నది తీసుకోండి. వాల్వు హ్యాండిల్ మోటారు ఆపాకే తిప్పాలి. నడుస్తుండగా తిప్పితే లోపలి రబ్బరు గ్యాస్కెట్ మెలిపడి, శుద్ధి కాని నీళ్లు పక్కనుంచి కలిసిపోతాయి.

బోరుసందేహం:
అంతకంటే ముందు ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూడండి. లోపల గోడకి ఎర్రటి జిగురు, పట్టుకుంటే జారుతుంటే ఇనుము తినే బాక్టీరియా. అది ఉంటే ఏ మీడియా అయినా జిడ్డుకట్టి పోతుంది. బోరుకి క్లోరిన్ పట్టించాలి. 4 అంగుళాల బోరులో అడుగుకు దాదాపు 2.5 లీటర్లు (6.5 అంగుళాలదైతే 6.5 లీటర్లు). నీళ్లు 60 అడుగుల మేర ఉంటే 150 లీటర్లు. 100 పీపీఎం రావాలంటే 30 శాతం బ్లీచింగ్ పౌడర్ 50 గ్రాములు చాలు. బకెట్లో కలిపి, సున్నం దిగాక తేట మాత్రమే పోయండి. ముద్ద పోస్తే బోరులోని ఫిల్టరు పైపు రంధ్రాలు మూసుకుంటాయి. కుళాయిల దాకా వాసన వచ్చేలా నడిపి, 12 నుంచి 24 గంటలు వదిలేయండి. ఆ తర్వాత వాసన పోయేదాకా బయటికి వదలాలి, మొక్కలకి, సెప్టిక్ ట్యాంకుకి పోనివ్వకండి.

కోనసీమ_ఇల్లు:
రిపోర్టు వచ్చిందండీ. ఇనుము 3.2, మాంగనీసు 0.4, పీహెచ్ 6.8. ఫ్లష్ ట్యాంకులో జిగురు కూడా ఉంది. క్లోరిన్ పట్టించాక నేరుగా ఫిల్టరు పెట్టేయొచ్చా?

నీటిపరీక్ష:
ఈ పీహెచ్‌లో ఉత్త గాలితో మాంగనీసు పోదు. ఇనుము కూడా బద్ధకిస్తుంది. క్లోరిన్ డోసింగ్ (నీళ్లలో కొలత ప్రకారం క్లోరిన్ కలిపే ఏర్పాటు) పెట్టండి. 1 పీపీఎం ఇనుముకి 0.64, 1 పీపీఎం మాంగనీసుకి 1.3 పీపీఎం క్లోరిన్ చొప్పున లెక్కిస్తే మీకు 2.6, మిగులుతో కలిపి 3 పీపీఎం. అంటే 1000 లీటర్లకి 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ ద్రావణం) 60 మిల్లీలీటర్లు. ఎండలో పెడితే దాని బలం తగ్గిపోతుంది, నీడలో ఉంచండి. బోరు నీళ్లు కింద 500 లీటర్ల ట్యాంకులో అరగంట ఆగాక, చిన్న పంపుతో ఫిల్టరుకి, అక్కడినుంచి మేడ మీద ట్యాంకుకి. మీడియా కొనేటప్పుడు క్లోరిన్‌ని తట్టుకునేదేనా అని అడగండి. బిర్మ్ అనే మీడియా తట్టుకోదు.

రోజుకు 1000 లీటర్లంటే 3.2 గ్రాముల ఇనుము, తుప్పుగా మారాక 6 గ్రాములు. రెండు మూడు రోజులకోసారి నీళ్లు తేరేదాకా బ్యాక్‌వాష్ చేయాలి. వంటింటి కుళాయికి మాత్రం చివర్లో కార్బన్ ఫిల్టరు పెట్టుకుంటే క్లోరిన్ వాసన పోతుంది.

పైపులపని:
ఫిల్టరు వచ్చేదాకా తాగడానికైతే: ఎత్తు నుంచి ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పదిసార్లు తిరగబోసి, రాత్రంతా ఉంచి, పైతేట గుడ్డతో వడకట్టి కాచుకోండి. ఇనుము చాలావరకు తగ్గుతుంది, మాంగనీసు తగ్గదు. ఇంట్లో చిన్నపిల్లలకి డబ్బాపాలు కలుపుతుంటే అందుకు వేరే నీళ్లు వాడండి. చిల్లగింజ అరగదీసి కలిపితే త్వరగా తేరుకుంటుంది గానీ, ముందు గాలి తగలకపోతే కరిగిన ఇనుముని అదీ పట్టుకోలేదు. తెల్లబట్టలకి బ్లీచింగ్ మాత్రం వేయకండి, మరక ఇంకా గట్టిపడుతుంది.