బందరు రేవును ముంచింది మట్టా, మద్రాసా?

రేవుకబుర్లు:
మచిలీపట్నం కొత్త పోర్టు ఫోటో ఎవరు పెట్టినా కింద ఒకటే మాట కనిపిస్తోంది: "ఎప్పుడో పూడిపోయిన రేవు, మళ్లీ అక్కడే వేల కోట్లు పోస్తారా?" 2008, 2019, 2023 అంటూ మూడు శంకుస్థాపనలు చూసిన ఊరు కాబట్టి ఆ వెటకారం ఎందుకొస్తోందో తెలుసు. చరిత్ర మాత్రం అలా లేదు.

బందరును కృష్ణ ఒండ్రు చంపలేదన్నది నా వాదన. గోల్కొండ పడిపోవడం, ఇంగ్లీషు కంపెనీ తన బేరసారాలన్నీ మద్రాసుకు తరలించుకోవడం, ఈ రెండే చంపాయి. 17వ శతాబ్దంలో బందరు ఎలా ఉండేదో చూడండి. డచ్చివాళ్లు 1606కల్లా అక్కడ స్థావరం పెట్టారు, ఇంగ్లీషువాళ్లు 1611లో దిగారు, ఫ్రెంచివాళ్లు 1669లో వచ్చారు. పర్షియాకు, బర్మాలోని పెగూకు, సయాంకు (ఇప్పటి థాయ్‌లాండ్), సుమత్రాలోని అచేకు ఓడలు వెళ్లేవి. గోల్కొండ కొలువులో పెద్ద పదవి చేసిన మీర్ జుమ్లాకు సొంత ఓడలే ఉండేవి. బంగాళాఖాతంలో లంగరు వేయడానికి ఇంతకంటే మంచి చోటు లేదని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాసుకున్నాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు కృష్ణ ఒండ్రు తేవడం మానేసిందా? అప్పుడూ పెద్ద ఓడలు దూరంగానే ఆగేవి, సరుకు పడవల మీదే ఒడ్డుకు వచ్చేది.

1687లో ఔరంగజేబు గోల్కొండ తీసుకున్నాడు. అప్పటిదాకా బందరు సరుకు కొన్నది, బందరుకు సరుకు పంపింది ఆ రాజధానే. అది పోయాక రేవుకు పని తగ్గింది. ఇంత మామూలు విషయాన్ని మట్టి మీదకు ఎందుకు తోస్తారో నాకు అర్థం కాదు.

ఒండ్రునేల:
రేవుకబుర్లు గారూ, "దూరంగానే ఆగేవి" అని మీరు ఒక్క మాటలో దాటేసిన దగ్గరే అసలు సంగతంతా ఉంది. 1610లో ఓడ ఎంత, 1870లో ఆవిరి ఓడ ఎంత? ఓడ లోతు పెరిగేకొద్దీ లంగరు చోటు ఒడ్డుకు దూరం జరుగుతుంది. ఒండ్రు మేట వేసేకొద్దీ ఇంకా దూరం. మధ్యలో మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఇసుక తిన్నె. పడవ దాన్ని దాటాలంటే పోటు రావాలి. అలా ఒక రోజు ఆలస్యమైతే ఓడ యజమానికి డబ్బు దండగ. ఆ దండగ ఏటా పెరుగుతూ పోతే ఏ రాజు ఉన్నా లాభం లేదు.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. ఘంటసాల ఇప్పుడు బందరుకు పడమర, లోపల ఎక్కడో ఉంది. ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన కంటకోస్సిల అదేనని చరిత్రకారులు గుర్తిస్తారు. బౌద్ధ స్తూపం, రోమన్ నాణేలు దొరికిన ఊరు. అది రేవుగా ఎందుకు మిగల్లేదు? నది పాయ మారింది, తీరం ముందుకు జరిగింది. కొల్లేరు కూడా ఒకప్పుడు సముద్రపు అంచునే ఉండేది. రెండు నదుల డెల్టాలు చెరో పక్క నుంచి పెరిగి దాన్ని లోపలికి నెట్టేశాయి. పాత తీరపు ఇసుక దిబ్బలు ఇప్పటికీ పొలాల మధ్య కనిపిస్తాయి. ఈ తీరంలో రేవులన్నీ మారిపోయేవే, బందరు వంతు కాస్త ఆలస్యంగా వచ్చిందంతే.

గోదావరి మొగ దగ్గరి కోరంగి మాటేమిటి? 18, 19 శతాబ్దాల్లో ఓడలు కట్టిన, బాగుచేసిన ఊరు. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి సీమ అంతకుముందెప్పుడూ లేనంతగా పండింది. మీ లెక్క ప్రకారం వెనకాల సరుకుంటే రేవు బతకాలి. సరుకు పొర్లుతున్న రోజుల్లోనే కోరంగి పూడిపోయింది. ఇప్పుడు అక్కడ మడ అడవులు చూడటానికి బోటెక్కుతున్నాం.

పెడనపిల్ల:
రేవు ఎందుకు పోయిందో తర్వాత చూద్దాం, ముందు అక్కడికి ఎందుకొచ్చిందో చూడండి. మా వైపు అద్దకానికి ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. కృష్ణ మొగల దగ్గర ఇసుక నేలల్లో గుల్ల సున్నం కలిసి ఉంటుంది. ఆ నేలలో పెరిగిన వేరు ఇచ్చే ఎరుపు లోపలి నేలల్లో రాదు. కృష్ణ మొగలకు పడమరనున్న నిజాంపట్నం వైపు వేరుకు యూరప్ వర్తకుల కాగితాల్లో కూడా పేరుంది. గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టాలి, పటికతో అచ్చు వేయాలి, చిరివేరుతో ఉడకబెట్టాలి. పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత పారే నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. వేరుకూ నీళ్లకూ ఇసుక ఒడ్డుకూ ఆ నదే ఆధారం. మీరు తిడుతున్న ఒండ్రే ఈ వ్యాపారాన్ని పుట్టించింది.

ఇక పడిపోవడం అంటారా, అచ్చు గుడ్డల దిగుమతి మీద ఇంగ్లండులో 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. అక్కడి నేతగాళ్లు గొడవ చేసి తెచ్చుకున్నవే. 1722లో పర్షియాలో సఫావీల రాజధాని కూలింది. బందరు అద్దకానికి పెద్ద గిరాకీ ఇచ్చిన దేశం అది. గోల్కొండ, ఇంగ్లండు, పర్షియా మూడూ నలభై ఏళ్లలోపే చేజారాయి. ఇందులో కృష్ణ చేసిన తప్పేమీ నాకు కనబడటం లేదు.

రేవుకబుర్లు:
కోరంగి ఉదాహరణ మంచిది ఒండ్రునేల గారూ, కానీ అది మీకంటే నాకే ఎక్కువ పనికొస్తుంది. కోరంగి పూడాక వ్యాపారం ఎక్కడికి వెళ్లింది? పక్కనే ఉన్న కాకినాడకు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, అంటే 1861 నుంచి 1865 దాకా పత్తికి గిరాకీ పెరిగితే కాకినాడ ఇంకా ఎదిగింది. గోదావరి సరుకు గోదావరి సీమను వదిలి పోలేదు.

బందరు వ్యాపారం అలా పక్క ఊరికి వెళ్లిందా? నిజాంపట్నం బాగుపడిందా? లేదే. మూడొందల కిలోమీటర్లకు పైగా దక్షిణాన ఉన్న మద్రాసుకు పోయింది. మట్టి పూడితే పక్క మొగకు వెళ్తారు గానీ అంత దూరం ఎందుకు పోతారు?

పైగా మద్రాసులో ఏముందండీ? చెప్పుకోదగ్గ నది లేదు, ఆఖాతం లేదు, కొండ చాటు లేదు. ఎదురుగా కెరటాలు తప్ప ఏమీ లేని ఒడ్డు. మేకులు వాడకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో, తడిసి ముద్దవుతూ మనుషులు దిగేవాళ్లు. 1861లో ఇనుప పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) వచ్చేదాకా, ఆ తర్వాత హార్బరు గోడలు లేచేదాకా అదే తంతు. 1881 తుఫాను ఆ గోడల్నీ పడగొట్టింది. రేవుకు భౌగోళికమే ప్రాణమైతే మద్రాసు పుట్టనే కూడదు.

కంపెనీకి అక్కడ నచ్చింది సొంత కోట. బందరులో సుల్తాను అధికారులతో రోజూ తగాదాలే. 1628లో అలిగి దక్షిణాన నెల్లూరు తీరంలోని దుగరాజపట్నం పోయారు. 1632లో ఏటా 500 వరహాల సుంకానికి ఒప్పుకుని, కుతుబ్‌షా దగ్గర బంగారు ఫర్మానా (రాజాజ్ఞ పత్రం) తెచ్చుకుని తిరిగొచ్చారు. అయినా 1639లో మద్రాసు నేల సంపాదించి, 1641లో కోరమాండల్ తీరపు పెద్ద కార్యాలయాన్ని అక్కడికి మార్చేశారు. 1641 అంటే బందరు మంచి ఊపులో ఉన్న రోజులు. మట్టికి భయపడి పోయిన వాళ్లయితే కాదు.

మోటుపల్లి_రాయి:
ఇదే తీరంలో మోటుపల్లి ఉంది, ఎవరూ తలవలేదేం? కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం చదివితే ఈ చర్చ సగం తేలిపోతుంది. దాని సారాంశం ఇది: పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవారి మీద దయతో మేము న్యాయమైన సుంకం తప్ప అన్నీ వదిలేస్తున్నాం. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు.

తుఫాను ఎలాగూ ఆగదని రాజుకు తెలుసు. ఆపగలిగింది తన మనుషుల దోపిడీ ఒక్కటే. ఆ ఒక్క మాటకు ఓడలొచ్చాయి. మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ రాజ్యాన్నే. కాకతీయులు పోయాక 1358లో అనపోతారెడ్డి అక్కడే మళ్లీ అభయం ఇవ్వాల్సి వచ్చింది. అదే సముద్రం, అదే ఒడ్డు. మధ్యలో పోయింది వర్తకుల నమ్మకం.

నా ఓటు రేవుకబుర్లు గారికే. కాకపోతే ఆయన మద్రాసును అంత తిట్టక్కర్లేదు.

భీమిలిగాలి:
కోస్తా అంటే కృష్ణా, గోదావరేనా? మా వైపు భీమునిపట్నం, కళింగపట్నం కూడా రేవులే. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రెండు ఊళ్లూ చిన్నబోయాయి. వంశధార మొగలో ఉన్న కళింగపట్నాన్ని కావాలంటే మట్టి ఖాతాలో రాసుకోండి, భీమిలిని ఏ ఖాతాలో రాస్తారు?

విశాఖ సంగతి చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ వేల ఏళ్లుగా అక్కడే ఉంది. దాని చాటున ఉన్నది ఉప్పుటేరు, బురద. ఆ బురద తవ్వి, పాత ఓడలు రెండు ముంచి బ్రేక్ వాటర్ (అలలను ఆపే అడ్డుగోడ) చేసి, 1933లో పోర్టు తెరిచారు. ఎందుకు? మధ్య పరగణాల మాంగనీసు బయటికి పోవాలి, రాయపూర్ నుంచి విజయనగరానికి రైలు పడింది. కొండ మాత్రమే ఉన్నన్నాళ్లూ మాది చిన్న ఊరు. రైలు లేకపోతే ఆ కొండ ఇంకా ఫోటోలకే పనికొచ్చేది.

అట్లని నేను రేవుకబుర్లు గారి పార్టీ కాదు. కొండ లేని చోట ఆ రైలు వచ్చినా ఆ డబ్బుతో ఆ పోర్టు కట్టగలిగేవాళ్లా అన్నది నా డౌటు.

ఒండ్రునేల:
నేను అడగబోయింది అదే. బందరుకు కూడా కాలువలు, రైలు వచ్చాయి కదా! బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. బందరు కాలువలో సరుకు పడవలు నేరుగా ఊళ్లోకి వచ్చేవి. కంపెనీ శత్రువు కాదు, 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోటను పట్టుకున్నాక ఊరు వాళ్లదే. రాజకీయమే కారణమైతే అప్పుడైనా లేవాలి.

లేవలేదు. అదే కాలువల వ్యవస్థలో ఏలూరు మీదుగా కాకినాడకూ దారి ఉంది. ఎటు పోవాలో వర్తకుడే ఎంచుకునే అవకాశం వస్తే అతను కాకినాడను ఎంచుకున్నాడు. అక్కడ గోదావరి ఇసుకే హోప్ ఐలాండుగా పేరుకుని ఆఖాతానికి అడ్డుగోడ అయింది. ఇక్కడ అలాంటి చాటేమీ లేదు.

చాటు లేకపోతే ఏమవుతుందో 1864 నవంబరు 1 రాత్రి తెలిసింది. ఉప్పెన ఊరి మీదుగా లోపలికి మైళ్ల కొద్దీ వెళ్లింది. పోయినవాళ్లు 30,000 మంది వరకు ఉంటారని అంచనా. ఆ తర్వాత అక్కడ గిడ్డంగి కట్టడానికి ఎవరు డబ్బు పెడతారు? 1977 దివిసీమ ఉప్పెన మన పెద్దవాళ్లకు గుర్తే. ఈ నేల చదునుగా, సముద్రానికి సమంగా ఉంటుంది. దాన్ని ఏ ఫర్మానా మార్చలేదు.

రేవుకబుర్లు:
1864 గురించి ఎదురు చెప్పను. అంత చావు చూసిన ఊరి గురించి వాదన గెలవాలని కూడా లేదు. కానీ తేదీలు చూడండి. అప్పటికి బందరు రేవు పెద్ద రేవు కాకుండా పోయి వందేళ్లు దాటింది. పడిపోయిన రేవును లేవనివ్వకుండా చేసిన కారణాల్లో ఉప్పెన ఒకటని అంటే ఒప్పుకుంటాను. పడగొట్టింది అదేనంటే ఒప్పుకోను.

రైలు మాట. బెజవాడ నుంచి బందరుకు రైలు 1908లో వచ్చింది. మద్రాసు నుంచి, వాల్తేరు నుంచి వచ్చే లైన్లు అప్పటికే బెజవాడలో కలిసిపోయాయి. సరుకు ఎటు పోవాలో ఖాయమైపోయాక బందరుకు ఒక కొసరు లైను వేశారు. దాన్ని "అవకాశం ఇచ్చారు" అనడం న్యాయమేనా? మీరు చెప్పిన కాకినాడ పాత యాంకరేజిలో ఇప్పటికీ ఓడ బయటే నిలబడుతుంది, బియ్యం బార్జిల్లో వెళ్లి ఎక్కుతుంది. లోతు లేకపోయినా నడుస్తోందిగా, బియ్యం ఉంది కాబట్టి!

గిలకలదిండి:
పెద్దలు పెద్ద విషయాలు మాట్లాడుతున్నారు, ఒక చిన్న మాట. బందరు పక్కనే ఉన్న మా ఫిషింగ్ హార్బరు దగ్గర మొగ పూడిపోయి మరబోట్లు పోటు కోసం గంటలు గంటలు ఆగిన రోజులు ఉన్నాయి. ఒక్కోసారి ఇసుకలో కూరుకుపోయిన బోటును ఇంకో బోటు లాగాలి, చేపకు వేసిన ఐసు కరిగిపోతూ ఉంటుంది. తవ్వితే కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మామూలే. మట్టి కారణం కాదనేవాళ్లు ఒకసారి బోటెక్కి చూడండి.

ఒండ్రునేల:
ఇదండీ నేను చెప్పేది.

రేవుకబుర్లు:
గిలకలదిండి గారూ, మట్టి లేదని నేను ఎక్కడా అనలేదు. తవ్వడానికి ఎవరు డబ్బు పెడతారు, ఎన్నాళ్లు పెడతారు అన్నదే నా ప్రశ్న. విశాఖలోనూ ఏటా ఇసుక తవ్వుతూనే ఉన్నారు. అక్కడ తవ్విస్తున్నది ఓడల మీద వచ్చే ఆదాయం.

భీమిలిగాలి:
తవ్వడంతో అయిపోదు. మా తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువ మోస్తాయి. బ్రేక్ వాటర్ కట్టగానే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. విశాఖ బీచ్‌లో తవ్విన ఇసుక తెచ్చి పోయడం అందుకే. పైగా శ్రీశైలం, సాగర్ కట్టాక కృష్ణ తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది, డెల్టా అంచు కొన్నిచోట్ల కోసుకుపోతోంది. పూడిక గురించి వందేళ్ల కిందటి భయంతో కొట్టుకుంటున్నారు గానీ, కొత్త పోర్టుకు ఉత్తరాన ఉన్న మత్స్యకారుల ఊళ్ల సంగతి ఎవరైనా అడిగారా?

పెడనపిల్ల:
మంచి ప్రశ్న. మంగినపూడి బీచ్ కూడా ఆ పక్కనే ఉంది.

రేవుకబుర్లు:
దానికి వేరే చర్చ మొదలుపెట్టండి భీమిలిగాలి గారూ, నేనూ వస్తాను. ఇక్కడ ఒండ్రునేల గారు నాకింకా ఒక జవాబు బాకీ. కోరంగి సరుకు పక్కనున్న కాకినాడకు పోతే, బందరు సరుకు నిజాంపట్నానికి ఎందుకు పోలేదు?

ఒండ్రునేల:
నిజాంపట్నంలోనూ అదే బురద, అదే చదును, చాటు లేని అదే ఒడ్డు కాబట్టి. హోప్ ఐలాండు లాంటిది కృష్ణ వైపు ఒకటి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.