బ్యోక్లిన్ ‘మృతుల దీవి’: ఇది ఏ ప్రతి, ఎక్కడుంది?

ప్రశ్న:
మేం వేస్తున్న కవితా సంకలనానికి ఆర్నల్డ్ బ్యోక్లిన్ చిత్రాన్ని ముఖచిత్రంగా ఎంచుకున్నాం. నల్లని నీళ్లు, నిటారైన కొండల నడుమ సైప్రస్ చెట్లు, పడవలో తెల్లబట్టల్లో నిలబడిన మనిషి, ఆ మనిషి ముందు శవపేటిక. ఈ బొమ్మ కింద ఒకచోట ‘మృతుల దీవి, బాజెల్’ అనీ, మరోచోట ‘సమాధుల దీవి, న్యూయార్క్’ అనీ, ఇంకోచోట ‘లైప్‌జిగ్’ అనీ రాశారు. మా దగ్గరున్న రంగుల ఫోటోలో ఆకాశం తేటగా ఉంది. కుడివైపు రాతిలో తొలిచిన ఒక సమాధి గది మీద ఎ.బి. అనే అక్షరాలున్నాయి. చిత్రకారుడికి అన్యాయం జరగకుండా వివరాలు సరిగ్గా అచ్చువేయాలి. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1:
బ్యోక్లిన్ దీన్ని 1880 నుంచి 1886 వరకు అయిదుసార్లు వేశాడు. మీరు అక్షరాలు గమనించడం చాలా మంచిదైంది. తన పొడి అక్షరాలను సమాధి మీద వేయడం అతను మూడో ప్రతితో మొదలుపెట్టాడు కాబట్టి 1880 నాటి బాజెల్, న్యూయార్క్ ప్రతులు రెండూ పక్కకు పోతాయి. నాలుగోది రాగిరేకు మీద వేసినది. అది రెండో ప్రపంచయుద్ధంలో బెర్లిన్‌లో కాలిపోయింది, నలుపు తెలుపు ఫోటో ఒక్కటే మిగిలింది. ఎంత నష్టమో! ఇక 1886 నాటి లైప్‌జిగ్ ప్రతిలో ఆకాశం మబ్బులతో ముసురుకుని ఉంటుంది. తేట ఆకాశమంటే మీది 1883 నాటి మూడో ప్రతే. బెర్లిన్‌లోని ఆల్టె నాట్సియోనాల్‌గాలరీలో ఉంది.

జవాబు 2:
పేరు సంగతి నేను చెబుతాను. 1880లో బ్యోక్లిన్ తన ఉత్తరంలో దీన్ని ‘సమాధుల దీవి’ అన్నాడు. ‘మృతుల దీవి’ అనే పేరు పెట్టింది ఫ్రిట్జ్ గుర్లిట్ అనే చిత్రాల వ్యాపారి. మూడో ప్రతి అతని కోసం వేసిందే. అందువల్ల మీ ఫోటోకు ఆ పేరే వేయండి. పడవలో శవపేటిక, తెల్లబట్టల మనిషి ఎలా వచ్చాయో కూడా లోపల రెండు వాక్యాలు రాస్తే బాగుంటుంది. భర్తను పోగొట్టుకున్న మరీ బెర్నా అనే ఆవిడ రెండో ప్రతి వేయించుకుంటూ వాటిని చేర్చమని అడిగింది. ఆ తర్వాత బ్యోక్లిన్ మొదటిదానిలోనూ చేర్చాడు. ఆ దుఃఖం తెలిశాక బొమ్మను చూసే తీరే మారిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇలా వేస్తున్నాం: ‘ఆర్నల్డ్ బ్యోక్లిన్, మృతుల దీవి, మూడో ప్రతి, 1883, ఆల్టె నాట్సియోనాల్‌గాలరీ, బెర్లిన్’. సరేనా?

జవాబు 1:
సరిపోయింది. ‘చెక్క పలక మీద తైలవర్ణం, 80 × 150 సెం.మీ.’ అని కూడా చేర్చండి. అంత వెడల్పు బొమ్మను నిలువు అట్టకోసం కత్తిరిస్తే ఆ అక్షరాలు పోతాయి. వెనక అట్ట దాకా పరిచి వేయించండి.